వెనీర్ల కన్నా ముందు ఎనామెల్ సంగతి

(సభకు రాలేకపోయినవారి కోసం ఒక దంతవైద్యుడి ప్రసంగం రికార్డింగు విని రాసిన పాఠం. మాట తడబడిన చోట్ల మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి వినపడుతోందా? సరే, మంచిది.

ముందుగా ఈ చిన్న డబ్బా మీ మధ్యకి పంపిస్తున్నాను. లోపల దూది మీద ఒక వెనీర్ ఉంది, పింగాణీది. వెనీర్ అంటే పన్ను ముందువైపు అంటించే పల్చటి తొడుగు. మెల్లగా తీసి వేలి మీద పెట్టుకుని చూడండి, చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. రెండు వేళ్ల మధ్య పెట్టి మాత్రం నొక్కకండి, విరిగిపోతుంది. కోడిగుడ్డు పెంకు ఎంత మందం ఉంటుందో ఇదీ దాదాపు అంతే. వెనీర్లు 0.3 మిల్లీమీటర్ల నుంచి 0.7 దాకా ఉంటాయి, అవసరాన్ని బట్టి. గోరు మీద పెట్టి చూడండి, ఇంకో గోరులా ఒదిగిపోతుంది.

ఇప్పుడు ఒక్క మాట ఆలోచించండి. వేళ్ల మధ్య నలిపితే విరిగేది, పన్నుకి అంటించాక పదేళ్లు, పదిహేనేళ్లు ఎలా ఉంటుంది? రోజూ కొరుకుతాం, నములుతాం, వేడివీ చల్లటివీ తాగుతాం. ఎలా నిలబడుతుంది? ఆ బలం దానిది కాదండీ. దాని వెనకాల ఉన్న మీ ఎనామెల్‌ది. ఈ ఒక్క సంగతి చెబుదామనే వచ్చాను. వెనీర్లు పెట్టించుకోవాలా వద్దా, పింగాణీయా కాంపోజిటా, ఎంత తెలుపు, ఎన్ని పళ్లు, ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఎనామెల్ దగ్గరే ఉంది.

ఎనామెల్ అంటే పన్ను మీద ఉన్న గట్టి పొర. మన ఒంట్లో ఎముక కన్నా గట్టిది. బరువులో 96 శాతం ఖనిజమే. పై ముందు పన్ను మధ్యలో అది సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. చిగురు దగ్గరికి వచ్చేసరికి 0.3, 0.4 అలా పల్చబడిపోతుంది. అంతే మన ఆస్తి. దీన్ని తయారుచేసే కణాలు పన్ను నోట్లోకి మొలిచేసరికే పోతాయి. చర్మం తెగితే అతుక్కుంటుంది. ఎముక విరిగితే కట్టుకుంటుంది. ఎనామెల్ పోతే? మళ్లీ రాదు. మాలాంటి వాళ్లం ఎంత చదువుకున్నా రప్పించలేం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1930ల్లో హాలీవుడ్‌లో ఛార్లెస్ పింకస్ అని ఒక దంతవైద్యుడు ఉండేవాడు. సినిమా నటుల పళ్లు కెమెరా ముందు బాగా కనిపించాలి కదా, ఆయన పల్చటి పింగాణీ తొడుగులు చేసి పళ్ల మీద పెట్టేవాడు. దేంతో అంటించేవాడనుకుంటున్నారు? కట్టుడు పళ్లు జారకుండా వేసుకునే పొడితో. షూటింగ్ అయిపోగానే తీసెయ్యాల్సిందే. వాటితో అన్నం తినడానికి లేదు. అందం ఉంది, పట్టు లేదు.

పట్టు ఎప్పుడు దొరికింది? 1955లో. అమెరికాలోనే రాచెస్టర్‌లో మైకేల్ బుఅనొకోర్ అనే ఆయన, ఇనుము మీద రంగు బాగా పట్టడానికి కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తారు కదా, అదే పన్ను మీద పూస్తే ఏమవుతుందని చూశాడు. ఎనామెల్ మీద కంటికి కనిపించని గుంటలు పడ్డాయి. వాటిలోకి రెసిన్ అనే జిగురు పదార్థం దిగి గట్టిపడి, వేళ్లూనుకున్నట్టు పట్టుకుంది. తర్వాత 1983లో సైమన్సెన్, కలామియా అనే ఇద్దరు పింగాణీ లోపలివైపు కూడా ఇంకో యాసిడ్‌తో అలాగే గరుకు చేయొచ్చని చూపించారు. ఇటు పన్ను గరుకు, అటు పింగాణీ గరుకు, మధ్యలో రెసిన్. ఈ రోజు మనం వెనీర్ అంటున్నది అదే.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఆ పట్టు ఎనామెల్‌తో ఉన్నంత గట్టిగా డెంటిన్‌తో ఉండదు. డెంటిన్ అంటే ఎనామెల్ కింద ఉండే పసుపు రంగు భాగం. అందులో నీరుంది, మాంసకృత్తు ఉంది, సన్నటి గొట్టాలున్నాయి. అవి లోపలి నరం దాకా పోతాయి. అందుకే అది బయటపడితే చల్లటి నీళ్లకి పన్ను జివ్వుమంటుంది. ఎనామెల్ మీద అంటించిన పింగాణీ వెనీర్లు పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా పదిలంగా ఉన్నాయని చాలా అధ్యయనాల్లో తేలింది. డెంటిన్ దాకా అరగదీసి అంటించిన చోట ఊడటం, విరగడం ఎక్కువ. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అని మన సామెత. పన్ను అరగదీయడానికి మాత్రం ఏ రాయి, ఎంత లోతు అన్నదే మొత్తం సంగతి.

సరే, ఇప్పుడు మీ దగ్గరికి వద్దాం. మీ పళ్లలో మీకు నచ్చనిది ఏమిటి? "నా పళ్లు బాగాలేవు డాక్టర్" అంటారు చాలామంది. బాగాలేవు అంటే ఏం బాగాలేదు? రంగా? ఆకారమా? సందులా? వంకరా? చిగురు ఎక్కువ కనిపిస్తోందా? ఒక్కోదానికి ఒక్కో దారి. అన్నిటికీ వెనీరే అంటే, తలుపు కిర్రుమంటోందని ఇల్లు పడగొట్టినట్టే.

రంగే బాధ అయితే, ముందు గార తీయించండి. టీ, కాఫీ, పొగాకు మరకలు పైపైన ఉంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. పన్నే పసుపుగా ఉంటే బ్లీచింగ్ ఉంది. 1989లో హేవుడ్, హైమన్ అనేవాళ్లు పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ని పళ్లకి సరిపోయే ట్రేలో వేసి రాత్రి పెట్టుకునే పద్ధతి రాశారు. అది ఇప్పటికీ నడుస్తోంది. కొన్నాళ్లు పళ్లు జివ్వుమంటాయి, మళ్లీ తగ్గుతుంది. పన్ను మాత్రం చెక్కుచెదరదు. గోధుమ మచ్చలు, తెల్ల మచ్చలు ఉన్నాయనుకోండి, ఫ్లోరైడ్ వల్ల వచ్చినవి, అవి పైపొరలో ఉంటే వెంట్రుక మందాన రుద్ది తీయొచ్చు, లేదా రెసిన్ ఇంకించి కనపడకుండా చేయొచ్చు. ఒక్క పన్నే నల్లబడి ఉంటే, ఎప్పుడో దెబ్బ తగిలి నరం చచ్చిపోయిందేమో చూడాలి. దానికి లోపలి నుంచి బ్లీచింగ్ చేస్తాం. మరి చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందులు వాడటంవల్ల పళ్లు బూడిదరంగు చారలతో వచ్చినవాళ్లు? వాళ్ల మచ్చ డెంటిన్‌లో ఉంటుంది. బ్లీచింగ్ నెలల తరబడి చేసినా ఒక్కోసారి పూర్తిగా పోదు. వాళ్లకి వెనీర్ నిజంగా ఒక వరం. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు ముప్పై ఏళ్ల వయసులో వదిలించుకున్నవాళ్లని చూశాను. కాబట్టి నేను వెనీర్లకి వ్యతిరేకిని అనుకోకండి. వాటిని నా చేతులతో పెడుతున్నవాణ్ణే.

వంకర పళ్లు ఉన్నవాళ్లు కొంచెం జాగ్రత్తగా వినండి. ముందుకి పొడుచుకొచ్చిన పన్నుని వెనీర్‌తో "సరిచేయడం" అంటే, ముందుకొచ్చిన మేరా అరగదీయడం. అదంతా ఎనామెలే. క్లిప్పులతోనో, అలైనర్లు అనే పారదర్శక తొడుగులతోనో పన్నుని జరిపితే ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది, నిజమే. కానీ ఏమీ పోదు. జరిపాక ఒక్కోసారి వెనీర్ అవసరమే లేదని తేలుతుంది, ఉన్నా పల్చటిది చాలుతుంది. రెండు వారాల్లో పని అయిపోవాలి అనే తొందర ఉన్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. తొందర మీది, పన్నూ మీదే.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక అమ్మాయి వచ్చింది. పై పళ్లలో ఎడమవైపు, కోరపన్నుకి ముందుది, కొంచెం తిరిగి ఉండేది. దాని మూల పక్క పన్ను మీదికి ఎక్కి ఉండేది. నాలుగు వెనీర్లు పెట్టాను. వరస తిన్నగా వచ్చింది, రంగు బాగా కుదిరింది, చిగురు దగ్గర గీత కూడా కనపడలేదు. నాకు చాలా సంతోషంగా ఉంది. మూడు రోజుల తర్వాత వచ్చి కుర్చీలో కూర్చుని, అద్దం కూడా అడగకుండా ఒక మాట అంది. "నా నాలుక ఆ మూల కోసం వెతుక్కుంటోంది డాక్టర్" అంది. వాళ్ల నాన్నకీ అదే పన్ను అలాగే ఉంటుందట. ఇంట్లో చూసినవాళ్లు బాగుందన్నారు, కానీ నీలా లేవన్నారట. నేనేం చేయగలను? ఆ మూల నా బర్ కింద, అంటే పన్ను అరగదీసే తిరిగే మొన కింద, పొడై, నీళ్లతో కొట్టుకుపోయింది. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తప్పు ఎక్కడ జరిగింది? పనితనంలో కాదు. అరగదీసే ముందు నేను ఆమెకి ఆ నవ్వు చూపించలేదు. చూపించే పద్ధతి ఉంది. దాన్ని మాకప్ అంటాం. మీ పళ్ల అచ్చు తీసి, దాని మీద మైనంతోనో కంప్యూటర్లోనో కొత్త ఆకారం చేస్తాం. దానికి సిలికాన్ అచ్చు తీసి, అందులో తాత్కాలిక రెసిన్ పోసి, ఏమీ అరగదీయని మీ పళ్ల మీద నొక్కుతాం. కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. అద్దం ఇస్తాం. రాబోయే పళ్లు మీ నోట్లోనే ఉంటాయి. నచ్చకపోతే ఊడబీకేస్తాం, మీ పళ్లు మీకే.

అద్దంలో చూస్తే సరిపోదు. మాట్లాడండి. "వనవాసం, ఫలితం" అనండి. ఇప్పుడే మీరందరూ ఒకసారి మెల్లగా అనండి... వకారానికీ, ఫలితంలో ఫకారం ఇంగ్లీషు F లా పలికేటప్పుడూ పై పళ్ల అంచు కింది పెదవి తడి దగ్గర తాకుతోంది కదా? పళ్లు మరీ పొడుగు చేస్తే అది పెదవిలోకి గుచ్చుకున్నట్టు ఉంటుంది. "సరే, సంతోషం" అనండి. సకారం ఈల వేసినట్టు వస్తే లోపలివైపు మందం ఎక్కువైందని అర్థం. ఒక ఫోటో తీయించుకోండి, నవ్వుతూ ఒకటి, మామూలుగా మాట్లాడుతుండగా వీడియో ఒకటి. ఇంట్లో మీతో రోజూ ఉండేవాళ్లకి చూపించండి. వాళ్లు మీ ముఖాన్ని మీ కన్నా ఎక్కువసేపు చూస్తారు. ఆ అమ్మాయి తర్వాత మాకప్ లేకుండా నేను ఒక్క పన్ను కూడా ముట్టుకోలేదు. మీరు వెళ్లే చోట మాకప్ ప్రస్తావనే రాకపోతే, మీరే అడగండి. అక్కర్లేదంటే లేచి వచ్చేయండి.

పదార్థం సంగతి త్వరగా చెబుతాను. కాంపోజిట్ వెనీర్ అంటే డాక్టరు ఒక్క పూటలో పన్ను మీదే రెసిన్ పేర్చి చెక్కేది. చాలాసార్లు అరగదీయకుండానే చేయొచ్చు, విరిగితే అక్కడికక్కడే అతకొచ్చు, ఖర్చు తక్కువ. కాకపోతే రంగు పట్టుకుంటుంది, మెరుపు తగ్గుతుంది, అప్పుడప్పుడూ పాలిష్ చేయించుకోవాలి, ఐదారేళ్లకి మార్చాల్సి రావచ్చు. పింగాణీది ల్యాబ్‌లో తయారవుతుంది. మరక పట్టదు, వెలుగు దాంట్లోంచి పన్నులో లాగే పారుతుంది, ఎక్కువ కాలం ఉంటుంది. విరిగితే మాత్రం చాలాసార్లు మొత్తం మార్చాల్సిందే. నా మాట అడిగితే, పాతికేళ్ల లోపు వాళ్లకి చిన్న సందుకో, విరిగిన మూలకో ముందు కాంపోజిట్ అంటాను. దాన్ని ఎప్పుడైనా తీసేయొచ్చు.

ఇప్పుడు అరగదీయడం. ఇది దగ్గరగా చూపించాలి మీకు. సరిగ్గా చేసే డాక్టరు ఏం చేస్తాడంటే, లోతు కొలతకని ప్రత్యేకంగా చేసిన బర్‌తో, మాకప్ మీద నుంచే, పన్నుకి అడ్డంగా మూడు గాడులు పెడతాడు. ఆ బర్ అర మిల్లీమీటరు దిగి ఆగిపోతుంది, ఇంక దిగదు. ఆ గాడుల అడుగున పెన్సిల్‌తో గీస్తాడు. మామూలు పెన్సిలే. తర్వాత మిగతా భాగం అరగదీస్తూ పోతాడు, పెన్సిల్ గీత మాయమయ్యేదాకా. గీత పోయిందంటే ఆపెయ్యాలి. మాకప్ మందంగా ఉన్న చోట పన్ను అసలు తెగనే తెగదు. ఎందుకంటే కొలత రాబోయే పన్ను నుంచి మొదలైంది, ఉన్న పన్ను నుంచి కాదు. చూశారా, మాకప్ అందం చూసుకోవడానికే కాదు, ఎనామెల్ కాపాడుకోవడానికి కూడా.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఇంకోటి ఉంది. పన్ను చుట్టూ అరగదీసి, సన్నటి మేకులా చేసి, దాని మీద పూర్తి క్యాప్ వేసి, దానికీ వెనీర్ అని పేరు పెట్టడం. వెనీర్‌కి పన్ను పై భాగంలో 3 నుంచి 30 శాతం దాకా పోతుంది, పూర్తి క్యాప్‌కి 60, 70 శాతం పోతుంది. 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్సెన్ తూచి చెప్పిన లెక్కలు ఇవి. పాడైపోయిన పన్నుకి, పెద్ద ఫిల్లింగ్ ఉన్న పన్నుకి క్యాప్ ప్రాణం పోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పన్నుకి, రంగు కోసం? అంత అరగదీస్తే నరం దెబ్బతిని రూట్ కెనాల్ దాకా పోవచ్చు. కాబట్టి అడగండి. "డాక్టర్ గారూ, వెనక భాగం కూడా తీస్తారా? ఎన్ని మిల్లీమీటర్లు తీస్తారు?" అని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. ఆ ప్రశ్నకి చిరాకుపడే డాక్టరు దగ్గర నోరు తెరవక్కర్లేదు. ఇక డాక్టరే కాని మనిషి, అందం కోర్సు చేశానని వెనీర్లు అంటిస్తానంటే చెప్పేదేముంది? చిగురు కింద జిగురు పేరుకుని ఎముక కరిగినవాళ్లని చూశాను. వద్దు.

అసలు అరగదీయని వెనీర్లు కూడా ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. పళ్లు చిన్నగా ఉండి, సందులుంటే చక్కగా కుదురుతాయి. నిండుగా ఉన్న పళ్ల మీద పెడితే మాత్రం పన్ను ఉబ్బినట్టవుతుంది, చిగురు దగ్గర గట్టులా మిగిలి, అక్కడ పాచి చేరి చిగురు వాస్తుంది.

రంగు ఎంచుకునేటప్పుడు మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. పగటి వెలుతురులో ఎంచుకోండి. కూర్చున్న వెంటనే ఎంచుకోండి, నోరు తెరిచి కాసేపుంటే పళ్లు ఆరిపోయి ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తాయి. మూడోది, కింది పళ్లకి బ్లీచింగ్ చేయించాలనుకుంటే ముందే చేయించండి, రెండు వారాలు ఆగండి, అప్పుడు వెనీర్ రంగు చూడండి. వెంటనే అంటిస్తే పట్టు సరిగా రాదు. పైగా వెనీర్ పెట్టాక దాని రంగు బ్లీచింగ్‌తో మారదు. పదహారు రంగుల పట్టీ ఒకటి చూపిస్తారు మీకు, చాలామంది చెయ్యి నేరుగా అన్నిటికన్నా తెల్లదాని మీదికే పోతుంది. మీ కంట్లోని తెల్లదనం కన్నా పళ్లు తెల్లగా ఉంటే ఎదుటివాళ్లు మీ కళ్లలోకి చూడరు, పళ్లనే చూస్తారు. అసలు పన్ను కూడా ఒకే రంగు కాదు. చిగురు దగ్గర కాస్త వెచ్చగా, అంచు దగ్గర కాస్త నీలంగా, గాజులా ఉంటుంది. మంచి ల్యాబ్ మనిషి పనితనం అక్కడే తెలుస్తుంది. ఒక్క పన్నుకే వెనీర్ పెట్టి పక్కదానితో కలపడం మా పనిలో అన్నిటికన్నా కష్టం. పది పెట్టడం దానికన్నా తేలిక. అందుకని పది పెట్టించుకోమని కాదు నేననేది. ఒక్కటి చేయాల్సి వస్తే డాక్టరు రెండుమూడు సార్లు పిలిపించినా విసుక్కోకండని.

నిద్రలో పళ్లు కొరికేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చేతులెత్తక్కర్లేదు, ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. వాళ్లకి వెనీర్ పెట్టకూడదని కాదు, రాత్రి పళ్లకి తొడుక్కునే గార్డు పెట్టుకుంటానని మాట ఇచ్చి, నిలబెట్టుకోవాలి. చిగుళ్లనుంచి రక్తం వస్తున్నవాళ్లు ముందు అది తగ్గించుకోండి. రక్తం కారే చిగురు పక్కన వెనీర్ అంటించడం కుదరదు, తడి తగిలితే పట్టు పోయినట్టే. పుచ్చిన పళ్లు ఉంటే ముందు అవి. వెనీర్ పెట్టాక కూడా దాని అంచున పన్ను పుచ్చిపోగలదు, పింగాణీకి పుచ్చు రాదు గానీ పన్నుకి వస్తుంది. బ్రష్, ఫ్లాస్ మామూలే, గరుకు పొడులు మాత్రం వద్దు. పెన్ను కొరకడం, గోళ్లు కొరకడం, పళ్లతో ప్యాకెట్లు చించడం మానేయాలి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా... మా అమ్మాయికి పదిహేడేళ్లు, వెనీర్లు కావాలని పట్టుబడుతోంది అంటున్నారు. ఆ వయసులో చిగురు ఇంకా పైకి జరుగుతూ ఉంటుందమ్మా, లోపల నరం గది కూడా పెద్దది. ఈ రోజు చిగురు అంచున దాచిన గీత రెండేళ్లకి బయటపడుతుంది. ముందు శుభ్రం చేయించి, డాక్టరు సరేనంటే బ్లీచింగ్ చేయించి చూడండి. అయినా కావాలంటే మాకప్ చేయించి, ఫోటోలు తీసి పెట్టమనండి. ఆ ఫోటోలు దాచండి. ఇరవై ఒకటో ఏట తీసి చూసుకుని, అప్పటికీ అదే కావాలంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇంకొకరు... నచ్చకపోతే తీసేయొచ్చా? తీయొచ్చండీ. బర్‌తో తీస్తాం, కొన్ని చోట్ల లేజర్ కూడా వాడుతున్నారు. కానీ ఎనామెల్ అరగదీసి పెట్టినదైతే, కింద పన్ను మునుపటిలా ఉండదు. ఒకటి తీస్తే ఇంకొకటి పెట్టాల్సిందే. ముప్పై ఏళ్లకి పెట్టించుకుంటే జీవితంలో రెండు మూడు సార్లు మార్చుకోవాల్సి వస్తుందని లెక్కేసుకోండి, ప్రతిసారీ ఇంకాస్త పోతుందని కూడా.

ఆ డబ్బా ఎంతదాకా వచ్చింది? చివరి వరసలో ఉందా? విరిగిందా... పరవాలేదమ్మా, పరవాలేదు, భయపడకండి, దానికోసమే తెచ్చాను. ఆ రెండు ముక్కలూ కూడా డబ్బాలోనే పెట్టి పంపండి, మిగతావాళ్లు విరిగిన అంచు చూడాలి. మందం ఇంకా బాగా తెలుస్తుంది.